వద్దని చెప్పే హక్కు లేని గన్‌మన్

1991 మే 21 రాత్రి శ్రీపెరంబుదూరు సభాస్థలిలో రాజీవ్ గాంధీకి దగ్గరగా తోసుకొస్తున్న ఒక యువతిని అనసూయ అనే మహిళా ఎస్సై ఆపారు. రాజీవే కల్పించుకుని, ఫర్వాలేదు రానివ్వమన్నారు. ఆ యువతి గంధపు దండ వేసింది, కాళ్లకు మొక్కుతున్నట్టు వంగింది, నడుముకు కట్టుకున్న బాంబు పేల్చుకుంది. అనసూయ గాయాలతో బతికారు. ఆయన వెన్నంటి ఉండే అంగరక్షకుడు ప్రదీప్ గుప్తా మాత్రం ఆయనతో పాటే ప్రాణాలు వదిలారు.

ఆ రాత్రి పని సరిగ్గా చేసింది అనసూయే. అంగరక్షకుడంటే మనకు తుపాకీ గుర్తొస్తుంది కానీ, ఆ ఉద్యోగంలో అసలు పని మనిషికీ ముప్పుకీ మధ్య నాలుగడుగుల ఎడం ఉంచడం. ఆ ఎడం పోయాక తుపాకీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

1984 అక్టోబరు 31న ఇందిరా గాంధీని సొంత రక్షకులే కాల్చి చంపాక, 1985లో ప్రధానిని కాపాడే ప్రత్యేక దళం ఎస్పీజీ పుట్టింది. 1988లో దానికి చట్టం వచ్చింది. అయితే పదవి పోయిన రాజీవ్‌కు ఆ రక్షణ కూడా పోయింది. ఆయన హత్య తర్వాతే చట్టం సవరించి మాజీ ప్రధానులనూ చేర్చారు. మన వ్యవస్థ ప్రాణం పోయాకే మేలుకుంటుంది, ఇది బాధాకరమైన నిజం.

మన దగ్గరికొస్తే, 2003 అక్టోబరు 1న అలిపిరిలో చంద్రబాబు నాయుడు కాన్వాయ్‌పై క్లెమోర్ మైన్లు (మందుపాతరలు) పేలాయి. ఆయన్ని కాపాడింది బుల్లెట్ ప్రూఫ్ కారు. అలాంటి దాడిలో పక్కనున్న గన్‌మన్ చేయగలిగేది చాలా తక్కువ. ముందే కల్వర్టులూ పొదలూ గాలించే రోడ్ ఓపెనింగ్ పార్టీ చేతిలోనే అంతా ఉంటుంది. 2018 సెప్టెంబరు 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమలను మావోయిస్టులు చంపినప్పుడు వెంట గన్‌మెన్ ఉన్నారు. గుంపుగా చుట్టుముట్టి ముందు వాళ్ల ఆయుధాలు లాక్కున్నారు. ఆ దారిలో వెళ్లాలా వద్దా అన్నచోటే రక్షణ మొదలవ్వాలి.

కానీ ఆ మాట అనే చనువు గన్‌మన్‌కు ఎక్కడుంది? ఎవరికి ఎంతమంది గన్‌మెన్ అని చెప్పే వన్ ప్లస్ వన్, టూ ప్లస్ టూ అనేవి మన జిల్లాల్లో హోదా లెక్కలైపోయాయి. గన్‌మెన్‌ను తగ్గిస్తే పరువు పోయినట్టు ప్రెస్ మీట్లు పెడతారు. ఏ పెళ్లిలోనైనా చూడండి, నాయకుడి వెనక సఫారీ డ్రెస్‌లో ఉన్న కానిస్టేబుల్ ఒక చేతిలో శాలువాలు, మరో చేతిలో బొకే పట్టుకుని, చంకలో సారు ఫోన్లు ఇరికించుకుని నిలబడి ఉంటాడు. నడుముకున్న పిస్టల్ తీయాలంటే ముందు ఆ శాలువాలు ఎవరికివ్వాలో వెతుక్కోవాలి. అవి మోయనంటే మర్నాడు బదిలీ ఖాయమన్న టెన్షన్ అతనిది. అవమానం ఒక్కటే కాదు, ఇద్దరి ప్రాణాలకూ ముప్పే ఇది.

గన్‌మెన్ సంఖ్య పెంచితే సరిపోదు. జనంలోకి దిగొద్దనో, ఈ రూటు వద్దనో సిబ్బంది చెబితే ఆ మాట జిల్లా ఎస్పీ దగ్గర రికార్డు కావాలి. కాదని వెళ్లే నాయకుడు సంతకం పెట్టి వెళ్లాలి. అలా చెప్పిన కానిస్టేబుల్‌ను కేవలం ఆ నాయకుడి ఫిర్యాదు మీద బదిలీ చేయకూడదు. ఇందుకు పైసా ఖర్చు లేదు, రెండు రాష్ట్రాల డీజీపీలు ఒక సర్క్యులర్‌తో మొదలుపెట్టొచ్చు.