సాలీడుకి రాగి మాల్ట్

అంబాజీపేట దగ్గర మా అమ్మమ్మగారి ఇల్లు. వెనక వసారాలో బియ్యం డ్రమ్ము మీద గాజు పెట్టె. అందులో మన కొబ్బరి పొట్టు పరుచుకుని మెక్సికో టరాంటులా, అంటే పెద్ద సాలీడు. మోకాళ్లు ఎర్రగా ఉంటాయి, పేరు బుజ్జి. తమ్ముడు చంటిగాడు బెంగళూరు వెళ్తూ వదిలేసి వెళ్లాడు. తాతయ్యకి ఎడమ చెవి వినపడదు. ఫోను మాత్రం ఆ చెవికే పెట్టుకుంటారు.

తాతయ్య: ఏమేవ్, చోడిపిండి ఎక్కడ పెట్టావు? బుజ్జికి మాల్ట్ కాయాలి.

అమ్మమ్మ: దానికెందుకండీ మాల్ట్?

తాతయ్య: మూడు వారాలుగా పురుగు ముట్టట్లేదురా అంటే, "మాల్ట్‌కి వచ్చింది తాతయ్యా" అన్నాడు చంటిగాడు.

అమ్మమ్మ: మాల్ట్ కాదు, మోల్ట్. కుబుసం. పాము విడవదూ, అది.

తాతయ్య: పాముకి పాలు పోస్తాం, సాలీడుకి మాల్ట్ పోస్తాం. ఎవరి పద్ధతి వాళ్లది.

అమ్మమ్మ: అయితే చవితి దాకా ఆగండి, రెండూ కలిపి పోద్దాం.

తాతయ్య: వెటకారం వద్దు. "మాల్ట్ ముందు పురుగు వెయ్యకు, అయ్యాక పది పదిహేను రోజులు ఆగు" అన్నాడు. ఆ రోజులు అరగడానికే కదా!

అమ్మమ్మ: కోరలు గట్టిపడడానికి. కొత్తవి తెల్లగా, మెత్తగా ఉంటాయి. ఎర్రబడి, నల్లబడితేగానీ కొరకలేదు. ఈలోగా పెట్టెలో పురుగుంటే అదే దీన్ని కొరికేస్తుంది. వాడు రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ మీదే ఉంది. చదవరు.

తాతయ్య: అంటే పళ్లు లేవన్నమాట. పళ్లు లేనివాళ్లకి ఏం పెడతారు?

అమ్మమ్మ: ...

తాతయ్య: మాల్ట్!

అమ్మమ్మ: (నాతో) విన్నావుటే. నలభై ఎనిమిదేళ్లుగా కాపురం ఇలాగే. (తాతయ్యతో) దాని పొట్ట మీద బట్టతల నల్లబడింది చూడండి. లోపల కొత్త తోలు వచ్చేసింది.

తాతయ్య: బట్టతల ఊసు ఇప్పుడెందుకు?

అమ్మమ్మ: మీరు మూత తీసినప్పుడల్లా కాళ్లతో నూగు గీకి మీ మీదకి విసిరింది, అందుకొచ్చింది దానికి. మీకెందుకొచ్చిందో నాకు తెలీదు.

ఆ సాయంత్రం వసారాలోంచి ఒకటే కేక.

తాతయ్య: పోయిందే! వెల్లకిలా పడిపోయింది! చెంచాడు మాల్ట్ పోసుంటే బతికేది.

అమ్మమ్మ: ముట్టుకోకండి! ఊదకండి! చచ్చేదయితే బోర్లా ఉండి కాళ్లు కిందకి ముడుచుకుంటుంది. వెల్లకిలా పడుకుందంటే పని మొదలెట్టిందని. నీళ్ల మూత నిండుగా ఉందిగా? ఇక వదిలెయ్యండి.

తాతయ్య వదల్లేదు. పీట వేసుకుని కూర్చున్నారు. అమ్మమ్మ తిట్టుకుంటూనే పెరుగన్నం కలిపి తెచ్చి, ఆయన లేవక్కర్లేకుండా నోటికే ముద్దలు పెట్టింది. నేను చూస్తున్నానని రెండు ముద్దలయ్యాక గిన్నె చేతికిచ్చేసింది.

తాతయ్య: ఆడది ఇరవై ఏళ్లకి పైనే బతుకుతుందటే. నా తర్వాత నీకు తోడు.

అమ్మమ్మ: ఈ రెండు కాళ్లకి చేసింది చాలు. ఇంకో ఎనిమిది కాళ్లకి కూడానా? మీరే ఉండి చూసుకోండి.

వీపు మీది డిప్ప మూతలా లేచింది. తడి చొక్కాలోంచి చెయ్యి లాక్కున్నట్టు ఒక్కో కాలూ మెల్లిగా బయటికొస్తోంది. అలా కొన్ని గంటలు.

తాతయ్య: ఒసేయ్, రెండయ్యాయి!

అమ్మమ్మ: ఒకటి బుజ్జి, రెండోది విడిచిన బట్టలు.

తాతయ్య: చూశావా మాల్ట్ మహిమ!

అమ్మమ్మ: మీరు పొయ్యందే మహిమెక్కడిది? (ఆగి) కాసిన గిన్నె ఖాళీగా ఉందేంటండీ?

తాతయ్య: ...పారబోస్తే పాపం కదే.

అమ్మమ్మ: బెల్లం ఎంత వేశారు?

తాతయ్య: సాలీడుకి షుగరు లేదుగా అని, కాస్త దండిగానే...

అమ్మమ్మ ఏమీ అనలేదు. నాకు భయమేసింది. తెల్లారి వంటింట్లోంచి గారెల వాసన.

తాతయ్య: ఏమేవ్, నా పళ్ల సెట్టు ఏదీ?

అమ్మమ్మ: కోరలు గట్టిపడాలిగా. పది పదిహేను రోజులు ఆగండి.