‘లేడీస్ వాక్’ ఎందుకండీ?

మన స్పోర్ట్స్ డే ఫ్లయర్ మొన్న వాట్సాప్‌లో వచ్చింది. మగవాళ్లకి 5కే, అంటే ఐదు కిలోమీటర్ల పరుగు. దాని కిందే గులాబీ రంగు అక్షరాల్లో ‘లేడీస్ వాక్: 1 మైలు’. కమిటీలో ఒకరిని అడిగితే, "ఆడవాళ్లు అంత దూరం ఇబ్బంది పడతారని పెట్టలేదమ్మా" అన్నారు. పాపం, మంచి మనసుతోనే అన్నారు.

సియాటిల్‌లో ఉండి ఆ మాట వినాల్సి రావడమే నాకు చిత్రంగా తోచింది. ఫ్రీమాంట్ వంతెన అవతలున్న సియాటిల్ పసిఫిక్ యూనివర్సిటీలో చదివి, తర్వాత అక్కడే ఏళ్ల తరబడి కోచ్‌గా ఉన్న పరుగుల క్రీడాకారిణి డోరిస్ బ్రౌన్ హెరిటేజ్ పేరు మనలో ఎంతమంది విన్నారు? నేనూ మా అమ్మాయి క్రాస్ కంట్రీలో, అంటే ట్రాక్ మీద కాకుండా మైదానాల్లో, మట్టి దారుల్లో తీసే పరుగులో చేరాకే విన్నాను.

మన వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఉన్న గిగ్ హార్బర్‌లో ఆవిడ హైస్కూల్ రోజుల్లో ఆడపిల్లలు స్కూలు ట్రాక్ మీద అడుగు పెట్టకూడదు. సముద్రపు ఒడ్డున, అడవి దారుల్లో పరిగెత్తేవారట. 1966లో ఇండోర్ మైలు 4 నిమిషాల 52 సెకన్లలో ముగించారు. ఇండోర్‌లో 5 నిమిషాల లోపే మైలు ముగించిన మొదటి మహిళ ఆవిడే. ఆ మరుసటి ఏడాది వేల్స్‌లోని బారీలో మొదలుపెట్టి 1971 దాకా వరుసగా ఐదేళ్లు అంతర్జాతీయ క్రాస్ కంట్రీ టైటిల్ ఇంకెవరికీ దక్కనివ్వలేదు.

ఇంత చేసినా 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకున్న అతి పెద్ద దూరం 800 మీటర్లే. దూరం పెరిగేకొద్దీ పుంజుకునే మనిషికి అది చిన్న పరుగు. అయినా ఐదో స్థానంలో వచ్చారు. 1500 మీటర్లు పెట్టింది 1972లో. తీరా మ్యూనిక్‌లో ట్రాక్ దగ్గర గట్టు మీద కాలు పడి దెబ్బతగిలి, ఆవిడ పరుగు మొదలే కాలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

అసలు ఆ ‘ఇబ్బంది’ కథ పుట్టింది 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో. 800 మీటర్ల ఫైనల్లో ఆడవాళ్లు కుప్పకూలిపోయారని పత్రికలు రాశాయి. నిజానికి పరిగెత్తిన తొమ్మిదిమందీ గీత దాటారు. గెలిచిన లీనా రాడ్కే ప్రపంచ రికార్డు కొట్టింది కూడా. రొప్పుతూ గడ్డి మీద వాలితే కుప్పకూలడమా? మగవాళ్లు వాలరా? ఆ రాతల పుణ్యమా అని 1960 వరకు ఆ పరుగు ఒలింపిక్స్‌లో మళ్లీ కనబడలేదు.

మా ఇంట్లో అక్టోబరు శనివారం అంటే గుమ్మం దగ్గర బురద ముద్దలైన స్పైక్ బూట్లు, వాటి పక్కనే పదకొండింటి కూచిపూడి క్లాసుకి గజ్జెల సంచి. పిల్ల 5కే పరిగెత్తి వచ్చి, స్నానం చేసి, జడ వేయించుకుని వెళ్తుంది. తనకి ఆ ఫ్లయర్ చూపించలేదు. చూపించి ఏం చెప్పను?

వాక్ తీసేయమనడం లేదు. మా అత్తయ్యగారు అందులోనే పేరిచ్చారు, కొత్త బూట్లు కూడా కొనుక్కున్నారు. నేను మాత్రం 5కేకే ఇచ్చాను. ఫారంలో ఆడవాళ్లకి ఆ గడి లేదు, అందుకని ‘భోజనం వెజ్జా, నాన్‌వెజ్జా’ అన్నచోట రాశాను.