‘నాలుగు దెబ్బలు వేస్తే సక్కగైతడు’ అన్న సందేశానికి జవాబు

హనుమకొండ, కాజీపేట, పరకాల ప్రాంతాల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులలో కొన్ని వారాలుగా ఒక సందేశం తిరుగుతున్నది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: ఆటిజం, మేధో వైకల్యం ఉన్న పిల్లలు ఎదుటివారిని కొట్టడం, తమను తాము కొరుక్కోవడం గారాబం వల్ల వచ్చిన మొండితనమే, నాలుగు దెబ్బలు వేస్తే సక్కగైతరు, అడిగిందల్లా ఇస్తే నెత్తికెక్కుతారు, కావలసింది చూపించి అడగడానికి బొమ్మల కార్డులు చేతికిస్తే రావలసిన మాట కూడా రాదు, వైకల్యం మరీ ఎక్కువగా ఉన్నవారికి ఏదీ పనికిరాదు. ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయురాలిని నేను. మా దగ్గరికి వచ్చే ఒక తల్లి ఈ సందేశం చదివి, కొడుకు కోసం స్వయంగా కత్తిరించి అతికించిన కార్డులను బీరువాలో పెట్టేశానని చెప్పినందువల్ల ఈ జవాబు రాయవలసి వచ్చింది.

మొండితనం సంగతి ముందు చూద్దాం. ఎనిమిదేళ్ల ఒక బాబు పెన్సిల్ చేతికివ్వగానే తన మణికట్టును రక్తం వచ్చేలా కొరుక్కునేవాడు. వారం పాటు, కొరికిన ప్రతిసారీ అంతకు ముందు ఏం జరిగిందో, ఆ తరువాత ఏం జరిగిందో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాం. ఉయ్యాల దగ్గర, అన్నం దగ్గర, అమ్మ ఒడిలో ఒక్కసారి కూడా కొరుక్కోలేదు. దాదాపు ప్రతిసారీ రాత మొదలైన కాసేపటికే జరిగింది, జరిగిన వెంటనే ఎవరో ఒకరు పలక పక్కన పెట్టి వాడిని దగ్గరికి తీసుకున్నారు. అంటే ఆ కొరుకుడు ఒక పని చేస్తున్నది: రాతను ఆపుతున్నది. అలాంటి పిల్లవాడిని కొట్టినా, కొట్టినంతసేపూ రాత ఆగే ఉంటుంది గనుక, వాడికి కావలసింది దొరుకుతూనే ఉంటుంది. ఒకవేళ భయంతో కొరకడం మానినా రాత కష్టంగా ఉందన్న మాట వాడిలోనే మిగిలిపోతుంది కాబట్టి, రేపు పలక విసిరేయడమో, పక్క పిల్లవాడిని గిల్లడమో మొదలు కావచ్చు. బడిలో పిల్లలను కొట్టడాన్ని 2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది కూడా.

ఇది నా ఒక్కదాని అనుభవం మీద ఆధారపడిన మాట కాదు. అమెరికాలో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1985లో ప్రచురించిన అధ్యయనంలో నలుగురు పిల్లలు ఏ పరిస్థితిలో గొడవ చేస్తున్నారో పరిశీలించారు. పాఠం కష్టమైనప్పుడు గొడవ చేసే పిల్లలకు ‘నాకు అర్థం కాలేదు’ అని చెప్పి సాయం పొందడం, పెద్దల దృష్టి తగ్గినప్పుడు గొడవ చేసే పిల్లలకు ‘నేను బాగా చేస్తున్నానా’ అని అడగడం నేర్పారు. అవసరానికి సరిపోయిన మాట నేర్చినప్పుడు గొడవ తగ్గింది. సరిపోని మాట నేర్పినప్పుడు తగ్గలేదు. ఈ రెండో భాగమే నాకు ఎక్కువ ముఖ్యంగా తోస్తుంది. ‘మేమూ కార్డులు వాడి చూశాం, ఏమీ మారలేదు’ అనే ఇళ్లలో నేను చాలాసార్లు చూసింది ఇదే: పిల్లవాడు పని తప్పించుకోవడానికి కొరుకుతుంటే, చేతికిచ్చిన కార్డు మీద ఉన్నది బిస్కెట్ బొమ్మ.

అడిగిందల్లా ఇస్తే చెడిపోతారన్న భయంలో కొంత నిజం ఉన్నది, దానిని తోసిపుచ్చను. అయితే కార్డు రాకముందు కూడా ఆ బాబుకు విరామం దొరుకుతూనే ఉన్నది, కొరికి తీసుకుంటున్నాడు, అంతే. ‘చాలు’ అనే కార్డును ఇప్పుడు పలక పక్కనే ఉంచుతాం. వాడు చేయి నోటి దగ్గరికి తీసుకుపోకముందే ఆ చేతిని మెల్లగా కార్డు వైపు నడిపించి, తాకగానే రెండు నిమిషాలు విరామం ఇస్తాం. కొరికిన తరువాత కార్డు చూపిస్తే ‘ముందు కొరకాలి, తరువాత కార్డు తాకాలి’ అని నేర్చుకుంటాడు గనుక ఈ వరుస తప్పకూడదు. మొదట్లో అడిగిన ప్రతిసారీ ఇవ్వవలసిందే, ఎందుకంటే కొరకడం కన్నా కార్డు తేలికగా, త్వరగా పనిచేయకపోతే వాడు దానిని నమ్మడు. కొరికితే మాత్రం రాత ఆగదు. గాయం కాకుండా చేతిని కాపాడుతూ, ఒక్క అక్షరమైనా రాయించి ముందుకు సాగుతాం. ఈ దశలో కొరుకుడు కొన్ని రోజులు పెరగవచ్చు. ఆ రోజుల్లో భయపడి పలక తీసేస్తే, మరింత గట్టిగా కొరికితేనే పని జరుగుతుందని మనమే నేర్పినట్టవుతుంది. కార్డు కుదిరాక ఆగడం నేర్పుతాం: ఆకుపచ్చ అట్ట కనబడితే అడగవచ్చు, ఎర్ర అట్ట ఉంటే కొంచెం ఆగాలి, ఆ ‘కొంచెం’ మొదట కొన్ని సెకన్లే, తరువాత నిమిషాలు. అన్నీ ఇచ్చేయడం ఈ పద్ధతిలో ఎక్కడా లేదు, పైగా గారాబం చేసే ఇంట్లో ఎవరూ నేర్పని ఓపికను ఇది నేర్పుతుంది.

కార్డులు మాటను ఆపుతాయన్న మాటకు పరిశోధనలో ఆధారం లేదు. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు అంతకుముందు వచ్చిన అధ్యయనాలను సమీక్షించి, వాటిలో బలమైన ఆధారాలున్న 27 మందిని తీసుకుంటే, సైగలో బొమ్మలో పరికరాలో వాడటం వల్ల ఒక్కరికి కూడా మాట తగ్గలేదని, 89 శాతం మందికి ఎంతో కొంత పెరిగిందని తేల్చారు. ఆ పెరుగుదల చాలామందిలో కొద్దిపాటిదే కాబట్టి, కార్డు ఇస్తే మాటలు వచ్చేస్తాయని నేనూ ఎవరికీ హామీ ఇవ్వను. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా, మాట కష్టమైనవారికి విద్యాసంస్థలలో ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతులను ప్రోత్సహించాలని చెబుతున్నది.

తీవ్ర వైకల్యం ఉన్నవారికి పనికిరాదన్నది అన్నిటికన్నా క్రూరమైన వాక్యం. బొమ్మను గుర్తుపట్టలేని బిడ్డకు గిన్నె అందించడమో, అరచేయి చాచడమో, ఒక బటన్ నొక్కడమో నేర్పవచ్చు. కావలసిందల్లా ఆ బిడ్డ శరీరం చేయగలిగిన ఒక కదలిక, దానికి ప్రతిసారీ స్పందించే మనిషి.

కార్డులకన్నా ముందు చూడవలసినవి కూడా ఉన్నాయి. కొరకడం, తల బాదుకోవడం హఠాత్తుగా మొదలైతే పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం వంటివి ఉన్నాయేమో డాక్టరుకు చూపించండి. కంటికి, తలకు గాయమయ్యే స్థాయిలో ఉంటే ఇంట్లో సొంతంగా ఏదీ ప్రయత్నించకుండా నిపుణుల సాయం తీసుకోండి. మిగిలినవారు ఒక వారం పాటు, గొడవ జరిగిన ప్రతిసారీ సమయం, దానికి ముందు ఏం జరిగింది, తరువాత ఎవరు ఏం చేశారు అన్నవి ఒక కాగితం మీద రాయండి. మీ మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రానికి) వచ్చేటప్పుడు ఆ కాగితం తెండి. బీరువాలో పెట్టిన కార్డులు కూడా తెండి.