చూడి ఆవు, ఫ్లోరైడ్: ఒక్క ఈత చూసి తీర్పు చెప్పొద్దు

తల్లి తీసుకునే ఫ్లోరైడ్ కడుపులోని పిల్లను దెబ్బతీస్తుందా అంటే ప్రయోగశాలల నుంచి చాలాసార్లు వచ్చే జవాబు 'పెద్దగా లేదు' అనే. అమెరికాలో చూలుతో ఉన్న ఎలుకలకు 300 పీపీఎం (అంటే లీటరు నీటికి 300 మిల్లీగ్రాములు), కుందేళ్లకు 400 పీపీఎం దాకా సోడియం ఫ్లోరైడ్ కలిపిన నీళ్లు పెట్టి, 1996లో ఫలితాలు ప్రకటించారు. ఎక్కువ మోతాదులో తల్లులు మొదట్లో నీళ్లు సరిగా తాగలేదు, బరువూ సరిగా పెరగలేదు. పిల్లల్లో మాత్రం పుట్టుక లోపాలు పెరగలేదు.

ఆ ఫలితాన్ని నేను కాదనను. కానీ ఎలుక చూలు మూడు వారాలే. ఆవు తొమ్మిది నెలలకు పైగా మోస్తుంది, ఈనుతుంది, పాలిస్తుంది, మళ్లీ చూడి కడుతుంది. అన్నేళ్లూ ఫ్లోరైడ్ దాని ఎముకల్లో పేరుకుంటూనే ఉంటుంది.

అదెక్కడికి దారితీస్తుందో కెనడాలోని కార్న్‌వాల్ ద్వీపం చూపించింది. సెయింట్ లారెన్స్ నది దక్షిణపు ఒడ్డున ఉన్న అల్యూమినియం ఫ్యాక్టరీ 1959 నుంచి 1973 దాకా భారీగా ఫ్లోరైడ్‌ను గాల్లోకి వదిలింది. అది పచ్చిక మీద పడింది, మేతతో ఆవుల కడుపులోకి వెళ్లింది. క్రూక్, మేలిన్ అనే పరిశోధకులు 1979లో రాసినదాని ప్రకారం అక్కడి పశువులు గిడసబారాయి. పళ్లు ఎంత పాడయ్యాయంటే మేత నమలడమే కాదు, నీళ్లు తాగడమూ కష్టమైంది. ఆవులు మూడో చూలులో చనిపోయేవి, లేదంటే ఆ తర్వాత కోతకు పోయేవి. నాలుగో ఈత లేదు. మొదటి ఈతతోనే లెక్క ముగించి ఉంటే ఈ నష్టంలో ఎంత కనిపించేది?

మేతలో ఇంకేముందన్నదీ ముఖ్యమే. ఫ్లోరైడ్ మరీ తక్కువైతే చిట్టెలుకలకు రక్తహీనత వస్తుందని, సంతానం తగ్గుతుందని 1972లో కొందరు శాస్త్రవేత్తలు రాశారు. 1976లో టావో, సుట్టీ అనే పరిశోధకులు ఇనుము చాలినంత ఉన్న ఆహారంతో పరీక్షిస్తే ఆ తేడా కనిపించలేదు. పాత ప్రయోగంలోని ఆహారంలో ఇనుము బొటాబొటీగా ఉండటమే అసలు చిక్కు. అందుకే ఫ్లోరైడ్ అంకె ఒక్కటే చూసి మంచీచెడూ తేల్చే వార్తలంటే నాకు నమ్మకం లేదు.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. ఎముకల ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి మన దేశంలో తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది నాటి నెల్లూరు జిల్లా నుంచే. నల్గొండ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంట్లో బిందెకు శుద్ధిచేసిన నీళ్లు వచ్చినా, తొట్టిలోకి పాత బోరు నీళ్లే పోస్తుంటే చూడి ఆవుకు ఒరిగిందేమీ లేదు. ముడి ఫాస్ఫేట్ రాయిలో ఫ్లోరైడ్ దండిగా ఉంటుంది, అది దాణాలో కలిపే ఖనిజ లవణాల్లోకి చేరొచ్చు కాబట్టి వాటి మీదా కన్నుండాలి. తొట్టి నీళ్లు పరీక్షించాలి. ఫ్లోరైడ్ ఊళ్లలో ప్రతి ఆవుకూ పళ్ల తీరు, నడక, పాలు, దూడ బరువు ఈత తర్వాత ఈతగా పశువైద్యశాల రిజిస్టర్‌లోకి ఎక్కాలి, కనీసం నాలుగో ఈత వరకైనా.