గైతోండేను చూసేదెక్కడ?

చిత్రకారుడు వాసుదేవ్ గైతోండే పేరు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ వెంట ఒక ధర కూడా వస్తోంది. క్రిస్టీస్ వేలం సంస్థ 2013లో ముంబైలో నిర్వహించిన తొలి వేలంలో ఆయన చిత్రం రూ.23 కోట్లకు పైగా పలికింది. 1961 నాటి మరో చిత్రానికి 2021లో దాదాపు రూ.40 కోట్లు వచ్చాయి. ఆ అంకెలు వార్తలే, కాదనలేం. అయితే ఆ డబ్బుకు, 2001లో కన్నుమూసిన ఆ నైరూప్య (గుర్తుపట్టగల ఆకారాలు లేని) చిత్రకారుడి జీవితానికి పొంతన తక్కువ.

1924లో నాగపూర్‌లో పుట్టి, బొంబాయి జె.జె. చిత్రకళా పాఠశాలలో 1948లో డిప్లొమా పొందిన గైతోండే తొలినాళ్లలో మనుషుల బొమ్మలే వేశారు. ఐరోపా ఆధునిక చిత్రకారుడు పాల్ క్లీ చిత్రాల ప్రభావం, ఆపై జెన్ బౌద్ధ చింతన పట్ల పెరిగిన ఆసక్తి ఆయనను క్రమంగా ఆకారానికి దూరం చేశాయి. 1964లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్‌పై న్యూయార్క్ వెళ్లొచ్చారు; 1971లో పద్మశ్రీ అందుకున్నారు; ఆ మరుసటి ఏడాది ఢిల్లీకి మారి, నిజాముద్దీన్‌లో దాదాపు ఏకాంతవాసం గడిపారు. ఏడాదికి వేసినవి ఐదారు చిత్రాలే. కుంచె కంటే రోలర్‌ను, రంగు గీకే కత్తిని ఎక్కువగా నమ్ముకుని, ఒక పొరపై మరో పొర పరుస్తూ, కొంత తుడిచేస్తూ, మళ్లీ అద్దుతూ పనిచేసేవారు. వేయడానికి పట్టే సమయం కన్నా ఏం వేయాలో తేల్చుకోవడానికి పట్టే సమయమే ఎక్కువ. 1984లో జరిగిన ప్రమాదం తర్వాత పెద్ద కాన్వాసులు వేయడం కొన్నేళ్లపాటు సాధ్యపడక కాగితంపై చిన్న చిత్రాలకు పరిమితమయ్యారు.

పొరల లోపలి నుంచి వెలుగు పైకి తేలే ఈ చిత్రాలు అచ్చులోనూ ఫోన్ తెరపైనా చప్పబడిపోతాయి. వాటి ముందు నిలబడి కాసేపు చూడాల్సిందే. ఆ అవకాశం మన దేశంలో ఎంతమందికి ఉంది? ఆయనపై తొలి సమగ్ర మ్యూజియం ప్రదర్శనను 2014లో ఏర్పాటు చేసింది న్యూయార్క్‌లోని గుగన్‌హైమ్ మ్యూజియం. కోట్లు పెట్టి కొన్నవారి ఇళ్లలోకి మనం వెళ్లలేం, వారిని తప్పుపట్టనూ లేం. ప్రజాధనంతో నడిచే సంస్థల సంగతి వేరు. ముంబైలోని టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థ, వ్యవస్థాపకుడు, శాస్త్రవేత్త హోమీ భాభా చొరవతో సమకూరిన తన కళాసంపదను సందర్శకులకు మరింత విరివిగా చూపాలి. ఢిల్లీ, ముంబై, బెంగళూరుల్లో శాలలున్న జాతీయ ఆధునిక కళా సంస్థ తన వద్దనున్న గైతోండే చిత్రాలను వంతులవారీగా మూడుచోట్లా ప్రదర్శించి, హైదరాబాద్, విజయవాడలకూ కొన్ని వారాలు పంపాలి.