కేఆర్ మార్కెట్ పక్కనే ఒక రణరంగం

కార్గిల్, గల్వాన్ లాంటి యుద్ధభూములకు జనాన్ని తీసుకెళ్ళే పథకాన్ని రక్షణశాఖ 2025 జనవరిలో మొదలుపెట్టింది. బెంగళూరు తెలుగువాళ్ళు సెలవు పెట్టి ద్రాస్ వెళ్ళొస్తే సంతోషమే. అదే మనం కేఆర్ మార్కెట్‌లో మల్లెపూలు బేరమాడి బస్సెక్కేస్తాం, పక్కనున్న కోటగోడకేసి తలైనా తిప్పం.

హైదర్ అలీ 1761లో రాతితో తిరగకట్టించిన కోట అది. మూడో మైసూరు యుద్ధంలో, 1791 ఫిబ్రవరిలో, ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ సైన్యంతో టిప్పు కళ్ళుగప్పి మొగిలి కనుమ ఎక్కాడు. ఆపైన కోలారు, హోసకోటె. చిత్తూరోళ్ళకు ఈ దారి చెప్పక్కర్లేదు, బెంగళూరుకు మన బస్సు రూటే. ఆ సైన్యంలోని మద్రాసు సిపాయిల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఈ కథలో మనం ఉత్త ప్రేక్షకులం కాదు.

మార్చి 7న పేట, అంటే కోట బయటి ఊరు, కంపెనీ చేతికి చిక్కింది. అలసూరు గేటు దగ్గర కంపెనీ ఫిరంగిదళం కల్నల్ మూర్‌హౌస్ నేలకొరిగాడు. మేత లేక ఎద్దులు చస్తున్న సైన్యానికి పేటలో దొరికిన గడ్డీగింజలే దిక్కయ్యాయి. 21 రాత్రి, ఫిరంగులు కొట్టిన గండిలోంచి కోటలోకి దూరారు. కిల్లేదారు, అంటే కోట అధిపతి, బహదూర్ ఖాన్ పోరాడుతూనే ప్రాణం విడిచాడు.

ఇప్పుడు మిగిలింది ఢిల్లీ గేటు, కాస్త గోడ. 'ఈ గండిలోంచే బ్రిటిష్ దాడి జరిగింది' అని తారీఖుతో సహా చెప్పే ఫలకం గోడకుంది. లోపల అడ్డం నిలబడ్డవాళ్ళ ఊసే అందులో లేదు.

కార్పొరేషన్ ఎదుట, ముట్టడిలో పోయిన బ్రిటిష్ అధికారుల స్మారకస్తంభం ఉండేది. కన్నడ ఆందోళనకారుల ఒత్తిడితో 1964లో కూల్చేశారు. ఆ కోపం న్యాయమైందే. దండెత్తినవాడి గుర్తును ఊరి నడిబొడ్డున ఎవరు ఓర్చుకుంటారు? అయితే కూల్చడంతోనే పని అయిపోయిందనుకున్నారు. గండి దగ్గర గెలిచినవాడి వాక్యం మాత్రం చెక్కుచెదరలేదు.

దాన్ని పీకమనడం లేదు, అదీ సాక్ష్యమే. కిందే ఇంకో రాయి పెట్టాలి, కన్నడం, ఉర్దూ, తెలుగు, తమిళాల్లో. కోట పురావస్తు శాఖ చేతిలోనే ఉంది, అయ్యే ఖర్చూ పెద్దదేం కాదు. మొదటి పేరు కిల్లేదారుది. కంపెనీ జీతానికొచ్చి పోయిన సిపాయిలనూ చేర్చాలా అంటే, చేర్చాలనే అంటాను. నెలజీతం కోసం పటాలంలో చేరిన రైతుబిడ్డను ద్రోహి అనలేను, వీరుడనీ పొగడను. ఏ పటాలం, ఏ సీమ మనుషులన్నది రాస్తే చాలు.