ముందు గ్యారేజీ ఖాళీ చేయండి, తర్వాత ప్లగ్-ఇన్ గురించి చెప్పండి

"చదువుకున్నవాళ్ళు, మీరు కూడా మామూలు హైబ్రిడ్ కొంటారా చెల్లెమ్మా? ప్లగ్-ఇన్ తీసుకోండి, రెండు లాభాలూ దక్కుతాయి." ఇవాళ మధ్యాహ్నం ఒక సత్యనారాయణ వ్రతంలో, పదిమంది వినేలా నాకు అందిన ఉపదేశమిది. మామూలు హైబ్రిడ్ అంటే పెట్రోలుతో నడుస్తూ తన చిన్న బ్యాటరీని తానే నింపుకునే కారు. ప్లగ్-ఇన్ అంటే పెద్ద బ్యాటరీని గోడ సాకెట్టుకు తగిలించి ఛార్జి చేస్తే కొంత దూరం కరెంటు మీద పోయి, తర్వాత పెట్రోలుకు మారే హైబ్రిడ్. నేను అడగలేదు. పులిహోర వడ్డిస్తున్నాను. మా పాత కారు మార్చాలనుకుంటున్నామని మావారు ఎవరితోనో అన్న మాట ఆ అన్నయ్యగారి చెవిన పడింది, అంతే. టెక్సాస్‌లోని మా ఫ్రిస్కోలో ఉండే తెలుగువాళ్ళకు ఈ అన్నయ్యగారెవరో విడిగా చెప్పనక్కర్లేదు, ప్రతి వ్రతంలోనూ ఒకరుంటారు. ఏ స్కూలు పరిధిలో ఇల్లు కొనాలో, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకు ఏ బీమా తీసుకోవాలో, టిక్కెట్లు దోహా మీదుగా కొనాలో దుబాయి మీదుగా కొనాలో అన్నీ వారే చెప్పాలి.

సరే, లెక్క చూద్దాం. ఆయన చెప్పని లెక్క.

టయోటా ప్రియస్‌నే తీసుకోండి. మామూలు హైబ్రిడ్ గ్యాలనుకు 57 మైళ్ళు ఇస్తుంది. దాని ప్లగ్-ఇన్ తమ్ముడు ఒకసారి ఛార్జి చేస్తే కరెంటు మీద 44 మైళ్ళు పోతాడు. బ్యాటరీ అయిపోయాక పెట్రోలు మీద 52కి దిగుతాడు, ఆ బరువంతా మోయాలి కదా. ధరలో తేడా దాదాపు 5,000 డాలర్లు. ఇప్పుడు ఆ 44 మైళ్ళకు మామూలు హైబ్రిడ్ తాగే పెట్రోలు ముప్పావు గ్యాలను చిల్లర. గ్యాలను 3 డాలర్లు వేసుకున్నా 2 డాలర్ల 30 సెంట్లు. అదే దూరానికి ప్లగ్-ఇన్ తినేది పన్నెండు యూనిట్లకు కాస్త తక్కువ. యూనిట్ 15 సెంట్లయితే 1 డాలరు 75 సెంట్లు. మిగిలేది రోజుకు అర డాలరుకు కాస్త పైన. పండుగ, పబ్బం, జ్వరం, ఇండియా ప్రయాణం ఏవీ లేకుండా ఏడాది పొడవునా రోజూ నిండా ఛార్జి చేసి, రోజూ 44 మైళ్ళూ తిరిగితే ఏడాదికి 200 డాలర్లు. పైన పెట్టిన 5,000 తిరిగి రావడానికి దాదాపు పాతికేళ్ళు. మా రెండో తరగతి పిల్లవాడు అప్పటికి తన పిల్లలను స్కూల్లో దింపుతుంటాడు, బహుశా ఇదే కారులో.

కాలిఫోర్నియాలో మా పిన్ని కూతురుంది. అక్కడ కొన్ని ఇళ్ళకు యూనిట్ 35 సెంట్లు దాటుతుంది. ఆ ధరకు ఇదే లెక్క వేస్తే, అక్కడి పెట్రోలు ధరను బట్టి, ఛార్జి చేయకపోవడమే చవక కావచ్చు! అప్పుడు డబ్బు పోసి బ్యాటరీ కొనుక్కుని, దాన్ని వాడకుండా ఉంటేనే లాభం. అయినా వాళ్ళ వీధి నిండా ఒకప్పుడు ప్లగ్-ఇన్లే. ఎందుకో తెలుసా? ఒకరి కంటే ఎక్కువమంది ఉన్న కార్లకు కేటాయించిన కార్‌పూల్ వరుసలో, ఒంటరిగా వెళ్తున్నా పోనిచ్చే స్టిక్కరు కోసం. 2025 సెప్టెంబరు 30తో ఆ స్టిక్కరుకు కాలం చెల్లింది. పర్యావరణం మీద పొంగిన ప్రేమ కూడా దాంతోపాటే ఆరిపోయి ఉంటుంది. అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇలాంటి కార్లకు 7,500 డాలర్ల దాకా ఇచ్చిన రాయితీకీ అదే రోజు మంగళం పాడారు. అసలు 2022 ఆగస్టు నుంచే, జపానులో తయారయ్యే ఈ ప్లగ్-ఇన్ ప్రియస్‌ను సొంతానికి కొంటే ఆ రాయితీ వచ్చేది కాదు. లీజుకు తీసుకుంటేనే ఆ దారిన వచ్చేది. అన్నయ్యగారు మాత్రం ఇవాళ కూడా "ప్రభుత్వం డబ్బులిస్తుంది కదమ్మా" అన్నారు.

"టెక్సాస్‌లో పూర్తి కరెంటు కారుకు ఏటా 200 డాలర్లు అదనంగా కట్టాలి, ప్లగ్-ఇన్‌కు ఆ బాధ లేదు" అని ఇంకో అస్త్రం వదిలారు. నిజమే, లేదు. మామూలు హైబ్రిడ్‌కూ లేదు. మా ఇంటి వెనక గడ్డి కోసే యంత్రానికీ లేదు.

అసలు నా ఒళ్ళు మండింది ఈ లెక్కలతో కాదు. వెళ్ళేటప్పుడు మిగిలిన పులిహోర ట్రేలు అన్నయ్యగారి ప్లగ్-ఇన్ కారులో పెట్టడానికి సాయం చేశాను. వెనక డిక్కీ తెరిచారు. అడుగున, స్పేర్ గొడుగు పక్కన, ఛార్జింగ్ కేబుల్ ఉంది. నల్ల సంచిలో. సంచి జిప్పుకు కంపెనీవాళ్ళు వేసిన ప్లాస్టిక్ బిగింపు అలాగే ఉంది, కత్తిరించనే లేదు! కారు కొని రెండేళ్ళు దాటింది. దాని మీద ట్రే పెట్టమన్నారు, సమతలంగా ఉంటుందట. నేను ఆయన వంక చూశాను. "గ్యారేజీలో చోటు లేదమ్మా" అన్నారు.

ఎందుకుంటుంది? ఈ దేశంలో మన తెలుగువాళ్ళ గ్యారేజీలో కారు తప్ప అన్నీ ఉంటాయి. బియ్యం బస్తాలు, నీళ్ళ సీసాల అట్టపెట్టెలు, ఇండియాకు వెళ్ళేటప్పుడు తూకం వేసి సర్దే సూట్‌కేసులు, పిల్లవాడు ఎప్పుడో దిగిపోయిన ఉయ్యాల, బతుకమ్మకు వాడి దాచిన ఇత్తడి తాంబాలాలు, వాసన రాకుండా చేపలు వేయించే రెండో పొయ్యి. నలభై వేల డాలర్ల కారు ఎండకూ వడగళ్ళకూ బయట, నాలుగు వందల డాలర్ల సామాను నీడన. మామూలు గోడ సాకెట్టులో పెడితే నేను లెక్క వేసిన ఆ ప్లగ్-ఇన్ ప్రియస్ నిండడానికి సుమారు పదకొండు గంటలు పడుతుంది. అంటే రాత్రి భోజనాలకు ముందే తగిలించాలి, ప్రతి రోజూ. బట్టల డ్రైయరుకు వాడే 240 వోల్టుల లైను వేయించుకుంటే నాలుగు గంటలు, కానీ ఎలక్ట్రీషియన్ ఊరికే రాడు.

ఇది ఆయనొక్కరి సంగతి కాదు. 2021లో రిజిస్టరైన కార్లలోంచి వచ్చిన అసలు వాడకం లెక్కలను యూరోపియన్ కమిషన్ 2024లో బయటపెట్టింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు రోడ్డు మీద వదిలే బొగ్గుపులుసు వాయువు పరీక్షశాల అంకె కంటే మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. కారణం మనకు తెలిసిందే, సంచి విప్పరు. విప్పని కారు ఏమిటి? బరువు ఎక్కువ, డిక్కీ చిన్నది, ఇంజను నూనె మార్చడం తప్పదు, మైలేజి తక్కువ. రెంటికీ చెడ్డ రేవడి.

ఎవరికీ పనికిరాదని అనను. గ్యాలనుకు 18 మైళ్ళిచ్చే పెద్ద ఎస్‌యూవీని వదిలి, ఆఫీసుకు రోజూ ముప్పై మైళ్ళు పోయి వస్తూ, నెలకోసారి హ్యూస్టన్ వెళ్ళేవాళ్ళు, ఇంట్లో ఒకే కారున్నవాళ్ళు, రోజూ తగిలించే ఓపిక ఉన్నవాళ్ళు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. రాత్రి కరెంటు ఉచితం అనే ప్లానుంటే ఇంకా బాగు. కానీ ఆ ప్లాన్లలో పగటి ధర ఎంతో చూసుకోండి. జులైలో ఏసీ బిల్లు వచ్చాక కారు మీద మిగిలిందంతా అక్కడే వదులుతుంది.

ఇంత చెప్పాక కూడా అన్నయ్యగారు నా వైపు చూడలేదు. మావారి భుజం తట్టి "బావగారూ, మీరు ఆలోచించండి" అని వెళ్ళిపోయారు. ఇంట్లో కరెంటు ప్లాను ఎంచుకున్నది నేను, ఇంటి అప్పు వడ్డీ తగ్గించుకోవడానికి బ్యాంకులతో కొట్లాడింది నేను, పన్నుల కాగితాలు నింపేది నేను. మావారికి మా కారు టైరు సైజు తెలియదు. పోయిన వారం ఒక షోరూములోనూ ఇదే తంతు. వడ్డీ రేటు అడిగింది నేను, జవాబు ఆయనకు. వారంటీ బ్యాటరీకి ఎన్నేళ్ళని అడిగింది నేను, జవాబు మళ్ళీ ఆయనకు. "మేడమ్‌కు ఏ రంగు నచ్చింది?" అన్నది ఒక్కటే నా వంతు ప్రశ్న. ఆ తర్వాత ధరల కాగితం కూడా ఆయన ఫోనుకే పంపారు, నంబరు ఇచ్చింది నేనైనా.

ఈ శనివారం వేరే షోరూముకు వెళ్తున్నాను, ఒక్కదాన్నే. మావారు పిల్లలను ఈత క్లాసుకు తీసుకెళ్తారు. మామూలు హైబ్రిడ్, బూడిద రంగు, నా పేరు మీద. ఆయన కంటే నా క్రెడిట్ స్కోరే ఎక్కువ.